అమెరికాలోని హోపీ ఆదివాసుల పికీ రొట్టె ఇంట్లో చేసినవాళ్లెవరైనా ఉన్నారా?

మేం ఫీనిక్స్‌లో ఉంటాం. మొన్న అమ్మను తీసుకుని ఉత్తర అరిజోనాలోని హోపీల ఊళ్లకు వెళ్లాం. అక్కడ ఫొటోలు తీయనివ్వరు, కాబట్టి చూపించడానికేమీ లేదు. సెకండ్ మెసా అనే చోట ఒకావిడ అమ్ముతుంటే పికీ కొన్నాం. నీలి మొక్కజొన్న పిండిలో బూడిద నీళ్లు కలిపి, బాగా కాలిన నున్నటి రాతి మీద వట్టి చేత్తో పూసి, ఆరగానే ఒలిచి చుట్ట చుడతారు. కాగితమంత పలచన. "ఇది పూతరేకే, పంచదార మరిచిపోయారంతే" అంది అమ్మ. అమ్మది ఆత్రేయపురం పక్క ఊరు లెండి.

ఇప్పుడు ఇంట్లో చేయాల్సిందేనని పట్టుబట్టింది. నీలి పిండి ఆన్‌లైన్‌లో దొరికింది. దోసె పెనం మీద చేత్తో పూస్తే వేళ్లు కాలాయి, రేకు ముక్కలుముక్కలుగా లేచింది. రంగు కూడా నీలం కాదు, వంకాయ తొక్కలా తేలింది.

వాళ్లు అక్కడి ఎడారి పొదను కాల్చిన బూడిద వాడతారట. బదులుగా వంటసోడా వేస్తే ఆ నీలం నిలుస్తుందా? కప్పు పిండికి ఎంత వేయాలి? రాతికి పుచ్చగింజల నూనె రాస్తారని విన్నాం, పెనానికి నువ్వుల నూనె సరిపోతుందా? ఆదివారం మళ్లీ మొదలుపెడుతుంది, ఆలోపు చెబితే మా అమ్మ వేళ్లు మిగులుతాయి.