సమస్యాపూరణం: బూజు పట్టిన ద్రాక్షయే భోగమిచ్చు

నిర్వాహకుడు: హంగరీలోని టోకాయ్ తోటల్లో ఈ పాదం అక్షరాలా నిజం; అక్కడ బూజు పట్టిన ద్రాక్షతోనే తీపి వైన్ చేస్తారు. పూరణలో తోటపని కనబడాలి.

గౌతమీతీరం:
పొద్దుపొద్దున బొద్రొగు పొగలు గ్రమ్మ
మండుటెండకు నీరెల్ల మాయమైన
తొక్క ముడుతల తీపియే తొణకుచుండు
బూజు పట్టిన ద్రాక్షయే భోగమిచ్చు

పెన్నేరు: మూడో పాదం బాగుంది. కానీ అక్టోబరు టోకాయ్‌లో మండుటెండ ఎక్కడిదండీ? పొద్దున బొద్రొగు నదిమీది మంచు, మధ్యాహ్నం పొడిగాలి, నీరెండ, ఇవీ కావలసినవి. బొట్రైటిస్ బూజు తొక్కకు సన్నని రంధ్రాలు పొడిస్తే నీరు పోయి చక్కెరా పులుపూ చిక్కబడతాయి. వాన పట్టుకుందా, అదే బూజు గుత్తినంతా కుళ్లబెడుతుంది, వెనిగరు వాసన దిగుతుంది. "మంచు వీడగ నెండలో మాయ నీరు" అంటే సరి.

గౌతమీతీరం: సవరణ చక్కగా ఉంది.

పెన్నేరు: ఇది చూడండి:
కొండ తొలిచిన మాళిగ కుదురు చలువ
పీప లేండ్లుగ నిద్రించు వేళలందు
నలుపు తెరలుగ గోడల నలుదెసలను
బూజు పట్టిన, ద్రాక్షయే భోగమిచ్చు

ఛందోమిత్ర: "పట్టిన"ను "పట్టినా" అనే అర్థంలోకి తిప్పి, బూజును పండు మీంచి గోడకు ఎక్కించారు. ఈ వారానికి ఇదే మేటి.

ఓరుగల్లు: విరుపు మెచ్చదగిందే. అయితే ఆ గోడ బూజు వేరే జాతి. పీపల్లోంచి వచ్చే మద్యసారపు ఆవిరి తిని బతుకుతుంది. అసలు పని కోతలో ఉంది. ముడుతపడ్డ పండ్లను ఒక్కొక్కటిగా ఏరాలి, తోటంతా మళ్లీమళ్లీ తిరగాలి. వాటిని ద్రాక్షరసంలోనో కొత్త వైన్‌లోనో ఒకటి రెండు రోజులు నానబెట్టి పిండుతారు. గింజ చితికితే చేదు. చక్కెర ఎక్కువ కనుక ఈస్టు నింపాదిగా పనిచేస్తుంది. పాత లెక్కలో 136 లీటర్ల పీపకు 25 కిలోల తట్టలు ఎన్ని పోశారన్నదే తీపికి కొలత. 2013 నుంచి అసూ వైన్‌కు, అంటే ఈ బూజు ద్రాక్ష వైన్‌కు, లీటరుకు కనీసం 120 గ్రాముల చక్కెర మిగలాలి. నా మొదటి పాదం:
నూటముప్పదియారు లీటర్ల పీప

ఛందోమిత్ర: గణాలు కుదిరాయి, యతి (పాదం తొలి అక్షరానికి మధ్యలో రావలసిన జత అక్షరం) లేదు. నూకు "టర్ల" ఎలా చెల్లుతుంది?

పెన్నేరు: పీపను ముందుకు తెండి: "పీప నూటముప్పదియారు వెలయు కొలత".

నిర్వాహకుడు: పీ, వె చెల్లుతాయి. ఓరుగల్లు గారూ, మిగతా రెండు పాదాల్లో తట్టలూ నానబెట్టడమూ రావాలి.