పాప అందాల పోటీకి వెళ్తానంటోంది, పంపమంటారా?

అర్వైన్ నుంచి:
అందరికీ నమస్కారమండి. మాది రాజమండ్రి, ఇక్కడ కాలిఫోర్నియాకొచ్చి నాలుగు నెలలైంది. దీపావళి వేడుకల్లో తెలుగు సంఘం వాళ్లు టీనేజ్ పిల్లలకి అందాల పోటీ పెడుతున్నారట. మా పాపకి పదహారేళ్లు. స్కూల్లో చేరిన రెండు నెలలూ మధ్యాహ్నం ఒక్కతే కూర్చుని తినేది. ఇప్పుడు ఈ పోటీ మాట వినగానే మొహం విప్పారింది. మావారు వద్దంటున్నారు, అత్తగారైతే ఫోన్‌లో ఏడ్చేశారు. స్విమ్ సూట్ లాంటివి ఉంటాయా? చాలా టెన్షన్‌గా ఉంది.

సెరిటోస్ నుంచి:
ముందు మీ అత్తగారికి ధైర్యం చెప్పండమ్మా. మన సంఘాల పోటీల్లో స్విమ్ సూట్ నేనెక్కడా చూడలేదు. లంగా వోణీలో ఒక రౌండు, పాటో డాన్సో ఒకటి, ఆఖర్న జడ్జీలు అడిగే ప్రశ్న. అయినా ఫారం నింపే ముందే అడగండి. ఫీజు ఎంత, ఫోటోలు ఎక్కడ పెడతారు, గ్రీన్ రూమ్‌లో తల్లిని ఉండనిస్తారా అని. కుదరదంటే పంపకండి.

ఆగస్టులో పాపని తీసుకుని లాస్ ఏంజెలెస్‌లోని జపాన్ వాళ్ల పేట లిటిల్ టోక్యోలో నిసెయ్ వీక్ పండగ చూసి రండి. నిసెయ్ అంటే జపాన్ నుంచి వలస వచ్చినవాళ్లకి ఇక్కడ పుట్టిన పిల్లలు. ఆర్థిక మాంద్యంలో ఆ వీధి దుకాణాలు వెలవెలబోతే, ఆ పిల్లల్ని మళ్లీ అటు రప్పించడానికి 1934లో ఈ పండగ పెట్టారు. మరుసటి ఏడాది రాణిని ఎన్నుకున్నారు. అక్కడ సరుకు కొన్నవాళ్లకి ఓటు చీటీలు ఇచ్చేవారు, అంటే అది బేరాలు పెంచుకునే ఉపాయం కూడా. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌తో పోరు మొదలయ్యాక, 1942లో అమెరికా ప్రభుత్వం ఈ పశ్చిమ తీరంలోని జపాన్ మూలాలవాళ్లని నిర్బంధ క్యాంపుల్లో పెట్టింది, పండగ ఆగిపోయింది. తిరిగొచ్చాక 1949లో మళ్లీ మొదలెట్టారు, రాణితో సహా. ఇళ్లూ వ్యాపారాలూ పోగొట్టుకుని వచ్చినవాళ్లు ఒక ఆడపిల్లకి కిరీటం పెట్టి ఊరేగించారంటే, అది అందం కోసమేనని నేననుకోను. హవాయిలోని హొనొలులులో అక్కడి జపాన్ మూలాలవాళ్లు 1953 నుంచి జరిపే చెర్రీ బ్లాసమ్ పోటీకి ఒకప్పుడు అమ్మా నాన్నా ఇద్దరి వైపూ జపాన్ మూలాలే ఉండాలి. 1990ల చివర్లో సగం చాలన్నారు. రేపు మన మనవరాళ్ల దగ్గరా ఈ లెక్క వస్తుంది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది రంగు గురించి. నాలుగేళ్ల కిందట మా అమ్మాయి ఒక పోటీకి వెళ్లింది. మేకప్ చేసినావిడ "లైట్ల కింద బాగుంటుంది" అంటూ రెండు షేడ్లు తెల్లగా ఫౌండేషన్ పూసింది. స్టేజి మీద పిల్ల మొహం ఒక రంగు, మెడ ఒక రంగు, మైకు పట్టుకున్న చెయ్యి ఇంకో రంగు. నేను పక్కనే ఉండి కూడా ఊరుకున్నాను, అది నా తప్పే. ఇంటికొచ్చాక కొబ్బరినూనెలో దూది ముంచి తుడుచుకుంటూ "నా రంగు బాలేదా అమ్మా" అని అడిగింది. ఆ దూదికంతా గోధుమపిండి రంగు అంటుకుంది.

2013 సెప్టెంబరులో అట్లాంటిక్ సిటీలో నీనా దావులూరి మిస్ అమెరికా కిరీటం గెలిచింది. మన తెలుగింటి అమ్మాయి, ఆ కిరీటం అందుకున్న తొలి భారతీయ అమెరికన్. ఆ రాత్రే ట్విటర్‌లో అరబ్బు అనీ టెర్రరిస్టు అనీ తిట్టింది ఇక్కడివాళ్లు. ఈ రంగుతో ఇండియాలో అయితే గెలిచేదే కాదని రాసింది మనవాళ్లు. రెండో మాటే నాకు ఎక్కువ బాధ కలిగించింది. మేకప్ డబ్బా ఇంటి నుంచే తీసుకెళ్లండి. పాప చర్మానికి సరిపోయే షేడు పగటి వెలుతురులో, మెడ మీద రాసి చూసి కొనండి.

టోరెన్స్ నుంచి:
నాకు వేరే అభిప్రాయం ఉందండి. స్నేహితుల కోసమే అయితే కోలాటం బృందంలో చేర్చండి. అక్కడ పన్నెండుమంది కలిసి ఆడతారు, ఎవరూ ఓడిపోరు. కొత్తగా వచ్చిన పిల్ల మొదటి ఏడాదే మార్కులు వేయించుకుని, రాకపోతే తట్టుకోగలదా?

సెరిటోస్ నుంచి:
మీరన్నదీ నిజమే. రెండూ చేయొచ్చు. ముందు కోలాటం, అక్కడ నలుగురు తెలిశాక పోటీ. పాప ఈ ఏడాది వెళ్లి తీరాలని కూడా లేదు.

అర్వైన్ నుంచి:
ఇద్దరికీ ధన్యవాదాలండి. కోలాటంలో పేరిచ్చాం. పోటీకీ వెళ్తానంది, ఓడినా ఏడవనని నాకు మాటిచ్చింది. అందరూ లంగా వోణీలే కడతారని చెబితే అత్తగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన ఉప్పాడ పట్టుచీర కొరియర్ చేస్తానన్నారు. దాంతో పాపకి లంగా కుట్టించాలట. జాకెట్టు ఎక్కడ కుట్టించను?

సెరిటోస్ నుంచి:
ఆర్టీషియాలో పయొనీర్ బులవార్డ్ మీద కుడతారు. దీపావళికి రద్దీ ఎక్కువ, కనీసం నెల ముందే ఇచ్చేయండి. చీర మాత్రం కోయనివ్వకండి. కుచ్చిళ్లు పోసి నడుము పట్టీకి చేత్తో కుట్లు వేయమనండి, తర్వాత విప్పుకోవచ్చు. జరీ మీద పిన్ను పెట్టాల్సొస్తే కింద చిన్న గుడ్డముక్క వేయండి.