లోతు క్యాన్సర్ గడ్డలకు రేడియేషన్‌లో ఫోటాన్లతో (ఎక్స్‌రేలతో) ఎలక్ట్రాన్లు కలిపితే లాభమెంత?

రేణుక_రేడియో: చెవి ముందుండే పెరోటిడ్ అనే లాలాజల గ్రంథి గడ్డలకు ఒకప్పుడు ఒకే వైపు నుంచి ఎలక్ట్రాన్లు, ఫోటాన్లు కలిపి ఇచ్చేవారు, తరచుగా 4:1 పాళ్లలో. ఫోటాన్ల డోసును గడ్డ ఆకారానికి మలిచే ఐఎంఆర్‌టీ వచ్చాక అది మూలపడింది. ఇంకాస్త లోతు గడ్డలకూ దాన్ని మళ్లీ వాడాలంటాను. మీరేమంటారు?

బీమ్‌బాబాయ్: ఎంత లోతమ్మా? ఎలక్ట్రాన్ శక్తిని (ఎంఈవీల్లో) 3తో భాగిస్తే 80 శాతం డోసు ఎన్ని సెంటీమీటర్ల దాకా అందుతుందో సుమారుగా తెలుస్తుంది. 2తో భాగిస్తే అవి ఆగిపోయే చోటు. 12 ఎంఈవీకి 4, 6 సెం.మీ. మన లినాక్‌లు (రేడియేషన్ యంత్రాలు) 20 ఎంఈవీ చుట్టుపక్కలే ఆగుతాయి, పైగా ఆ శక్తికి చర్మం మీదే 90 శాతం పైగా డోసు పడుతుంది. ప్రోస్టేట్‌కు వీటితో ఏం పని?

రేణుక_రేడియో: ప్రోస్టేట్ ఊసు నేనెత్తలేదు సార్! చర్మం దగ్గర మొదలై 5, 6 సెం.మీ. లోపలికి పాకిన మెడ, ఛాతీ గోడ గడ్డల గురించి అడుగుతున్నా. మామూలుగా వాడే 6 ఎంవీ శక్తి ఫోటాన్ల డోసు 10 సెం.మీ. లోతులో కూడా దాదాపు మూడింట రెండు వంతులుంటుంది, ఆ తర్వాతా లోపలికి సాగుతూనే ఉంటుంది. పై భాగం ఎలక్ట్రాన్లకు వదిలేస్తే అవతలి పెరోటిడ్‌కు ఆ మేరకు తగ్గుతుంది. రెండు వైపులా పెరోటిడ్ దెబ్బతిని నోరెండిన రోగి ముద్దముద్దకీ నీళ్లు తాగుతూ అన్నం తినడం మీరూ చూసే ఉంటారు.

ప్లానింగ్_రాజు: అవతలి పెరోటిడ్‌ను వీమ్యాట్‌తోనూ (యంత్రం చుట్టూ తిరుగుతూ ఇచ్చే ఐఎంఆర్‌టీ) కాపాడొచ్చు మేడమ్. అసలు తలనొప్పి జంక్షన్, అంటే రెండు ఫీల్డులు కలిసే చోటు. రెండు ఫీల్డులూ పక్కపక్కన పెడితే ఎలక్ట్రాన్లు లోపల పక్కలకు చెదిరి ఫోటాన్ ఫీల్డులో చొరబడతాయి. అక్కడ హాట్‌స్పాట్ (డోసు ఎక్కువ), ఎలక్ట్రాన్ వైపు కోల్డ్‌స్పాట్ (డోసు తక్కువ). మెడ కేసుల్లో అప్లికేటర్ (ఎలక్ట్రాన్లను చర్మం దగ్గర దాకా తెచ్చే చట్రం) భుజానికి తగులుతుంది. అప్లికేటర్‌ను దూరం జరిపితే ఆ జంక్షన్ గొడవ ఇంకా ముదురుతుంది. ఇక కటౌట్ (ఫీల్డు ఆకారానికి లోహపు అచ్చు) పోత పోయడం, టెక్నీషియన్ మళ్లీ గదిలోకెళ్లి బిగించడం, బయట క్యూ... చెప్పక్కర్లేదు.

రేణుక_రేడియో: అందుకేగా స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఫోటాన్ల ఎంఎల్‌సీతోనే (కిరణాన్ని మలిచే కదిలే లోహపు రేకులు) ఎలక్ట్రాన్లనూ మలిచి, రెండింటినీ కలిపి ఆప్టిమైజ్ చేస్తున్నారు! కటౌట్ అక్కర్లేదు.

ప్లానింగ్_రాజు: ఎంఎల్‌సీ చర్మానికి చాలా దూరం కదా, మధ్యలో గాలికే చెదిరి అంచు మసకబారుతుంది. దాన్ని ఫోటాన్లే సరిదిద్దాలి.

గుంటూరబ్బాయి: మా అమ్మకు గర్భాశయ ముఖద్వారానికి కరెంటు పెడుతున్నారు. ఇది అడగమంటారా?

బీమ్‌బాబాయ్: వద్దు నాయనా, అంత లోతుకు ఇవి అందవు. టెన్షన్ పడకు, వాళ్లిచ్చేది పూర్తి చేయించు. అంత లోతుకు ఎలక్ట్రాన్లే వెళ్లాలంటే 100 ఎంఈవీ పైన కావాలి. జెనీవాలోని కణభౌతిక ప్రయోగశాల సెర్న్, లోజాన్ ఆసుపత్రి కలిసి ఆ ప్రయత్నంలోనే ఉన్నాయి. రేణుకమ్మా, ఒక మెడ కేసుకి నీ మిశ్రమం డీవీహెచ్ (ఏ అవయవంలో ఎంత భాగానికి ఎంత డోసో చూపే గ్రాఫ్), వీమ్యాట్ డీవీహెచ్ పక్కపక్కన పెట్టు. రాజు తప్పులు వెతుకుతాడు.