గాడ్జిల్లా 70 ఏళ్లుగా ఎందుకు పాతబడలేదు?

సాగరతీరం (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. భారీ గొరిల్లా కాంగ్‌తో, జపాన్ సినిమాల్లో పుట్టిన రాక్షస జీవి గాడ్జిల్లా తలపడే హాలీవుడ్ చిత్రాన్ని 2021లో తెలుగు డబ్బింగ్‌లో మా పిల్లలతో కలిసి చూశాను. భవనాలు పేకమేడల్లా కూలుతుంటే పిల్లలు ఈలలు వేశారు. నేనూ వేశానని ఒప్పుకోవడానికి సిగ్గుపడను. ఈమధ్య ఓటీటీలో 2023 నాటి జపాన్ చిత్రం ‘గాడ్జిల్లా మైనస్ వన్’ చూశాను. అందులో ఈల వేయాలనిపించిన చోటు ఒక్కటీ కనిపించలేదు. ఆత్మాహుతి దాడికి బయలుదేరి, విమానం చెడిపోయిందని అబద్ధమాడి ప్రాణాలు దక్కించుకున్న ఒక యువ పైలట్, యుద్ధం ముగిసిన తరువాత కూడా ఆ సిగ్గును మోస్తూ బతకడమే ఆ కథ. గాడ్జిల్లా దానికి అడ్డుపడుతుంది, అంతే. ఒకే పేరూ, ఒకే ఆకారమూ, ఒకే అరుపూ ఉన్న ఈ రెండు చిత్రాలూ ఒకే పరంపరలోవంటే నమ్మడం కష్టమైంది.

1954లో దీనిని మొదలుపెట్టినవారు ఇంత దూరం ఆలోచించి మొదలుపెట్టారా? ఇన్ని దశాబ్దాలు నిలబడటానికి కారణం విధ్వంసం చూసే సరదాయేనా, మరేమైనా ఉందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

పాతరీలు

సాగరతీరం గారూ, ఆలోచించి మొదలుపెట్టినది కాదు. ఆగిపోయిన ఒక సినిమా స్థానంలో హడావుడిగా పుట్టినది. టోహో సంస్థ నిర్మాత టొమొయుకి తనాకా 1954లో ఇండోనేషియాతో కలిసి ఒక చిత్రం తీయవలసి ఉండగా ఆ ఏర్పాటు చెడిపోయింది. జకార్తా నుంచి తిరుగు ప్రయాణంలో విమానం కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ ఉండగా ఈ ఊహ వచ్చిందని చెబుతారు. అణుపరీక్ష వల్ల మేల్కొన్న ప్రాచీన జంతువు కథ అంతకుముందు ఏడాదే అమెరికాలో సినిమాగా వచ్చి బాగా ఆడింది కనుక, ఆ ఊహ మరీ శూన్యం నుంచి ఊడిపడిందని అనుకోనక్కరలేదు. గొరిల్లాకూ, తిమింగలానికి జపనీయులు వాడే ‘కుజిరా’ అనే మాటకూ ముడివేసి ‘గొజిరా’ అన్నారు; ఇంగ్లిషులో అదే గాడ్జిల్లా.

ఆ ఊహకు ప్రాణం పోసింది మాత్రం పత్రికల్లో వస్తున్న వార్తలు. 1954 మార్చి 1న బికినీ దీవుల వద్ద అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు అంచనాకు రెండున్నర రెట్లు, అంటే 15 మెగాటన్నుల శక్తితో పేలింది. ప్రమాద మండలానికి అవతలే ఉన్నామనుకుని ట్యూనా చేపలు పడుతున్న ‘దైగో ఫుకుర్యు మారు’ అనే జపాన్ పడవ మీద గంటల తరబడి తెల్లని బూడిద రాలింది. అందులోని 23 మందీ అణుధార్మికత బారిన పడ్డారు; రేడియో ఆపరేటర్ సెప్టెంబరు 23న మరణించాడు. ఆ తరువాత ఆరు వారాలైనా పూర్తిగా గడవకముందే, నవంబరు 3న, ‘గొజిరా’ విడుదలైంది. చిత్రం మొదలయ్యేది సముద్రం మీద ఒక్కసారిగా వెలుగు కమ్మి ఒక ఓడ తగలబడటంతో. నీళ్లు ముంచెత్తుతున్నా రేడియో మీట నొక్కుతూనే ఉన్న మనిషిని తెరమీద చూసినప్పుడు ఆనాటి ప్రేక్షకులకు ఎవరు గుర్తొచ్చి ఉంటారో ఒకరు చెప్పవలసిన పని లేదు.

అమెరికా ఆక్రమణ పాలన 1952 ఏప్రిల్‌లో ముగిసేదాకా జపాన్‌లో అణుబాంబు గురించి బాహాటంగా మాట్లాడటానికి సెన్సారు అడ్డు ఉండేది. దర్శకుడు ఇషిరో హోండా సైనికుడిగా చైనాలో ఏళ్లు గడిపి, ఇంటికి తిరిగి వస్తూ హిరోషిమా శిథిలాల మీదుగా ప్రయాణించినవాడు. అందుకే ఆయన గాడ్జిల్లా దాడిని వేడుకగా తీయలేదు, వైమానిక దాడిలాగా తీశాడు. రైలు పెట్టెలో ఒక యువతి, విషం సోకిన ట్యూనా అయిపోయింది, అణువాన అయిపోయింది, ఇప్పుడు ఇదొకటా అని విసుక్కుంటుంది. ఆమె నాగసాకి నుంచి బయటపడి వచ్చినదని ఆ మాటల్లోనే తెలుస్తుంది. మంటల మధ్య ఒక తల్లి పిల్లలను దగ్గరకు పొదువుకుని, ఇంకాసేపట్లో నాన్న దగ్గరకు వెళ్లిపోతామని ఓదారుస్తుంది. ఈ రెండు దృశ్యాలూ కలిపి చాలా తక్కువ నిమిషాలే కావచ్చు గాని, చిత్రం మొత్తం వాటి మీదే నిలబడి ఉందని నా అభిప్రాయం.

అన్నిటికన్నా లోతైనది సెరిజావా అనే శాస్త్రవేత్త పాత్ర. గాడ్జిల్లాను చంపగల ఆయుధం అతని దగ్గర ఉంది. దానిని ఒక్కసారి బయటపెడితే ప్రభుత్వాలు తనను వదలవని అతనికి తెలుసు. చివరకు కాగితాలన్నీ కాల్చేసి, ఆయుధంతో పాటు తానూ సముద్రగర్భంలో ఉండిపోతాడు. రాక్షసుడి కన్నా రాక్షసుడిని చంపే సాధనం ఎక్కువ భయపెట్టే కథ ఇది. విధ్వంసం చూసే సరదా అన్నది ఆ చిత్రానికి సంబంధించినంత వరకు సరిపోయే జవాబు కాదు.

బొమ్మలపెట్టె

పాతరీలు గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు గాని, అణుభయం ఒక్కటే అయితే ఈ పరంపర 1955లోనే ముగిసిపోయేది. గాడ్జిల్లాను మళ్లీ మళ్లీ రప్పించింది పిల్లలు. వారిని రప్పించింది రబ్బరు తొడుగు, అట్టముక్కల ఊళ్లు.

ట్రిక్ దృశ్యాలు తీసిన ఎయిజి త్సుబురాయా, బొమ్మను కొంచెం కొంచెంగా కదుపుతూ ఒక్కొక్క ఫ్రేమూ తీసే పద్ధతికి కావలసిన కాలం, డబ్బూ లేక, మనిషికి రబ్బరు తొడుగు వేసి నడిపించాడు. 50 మీటర్ల గాడ్జిల్లాకు ఊరిని 1:25 కొలతలో కట్టించాడు. అంటే లోపల ఉన్న మనిషి రెండు మీటర్ల రాక్షసుడు. ఇక్కడే అసలైన చిక్కు ఉంది. రెండు మీటర్ల ఎత్తు నుంచి పడే వస్తువు సెకనులో మూడింట రెండు వంతులైనా తీసుకోదు; 50 మీటర్ల నుంచి పడేది మూడు సెకన్లకు పైగా తీసుకుంటుంది. కొలత 25 రెట్లు తగ్గితే కాలం దాని వర్గమూలం ప్రకారం ఐదు రెట్లు తగ్గుతుంది. కాబట్టి కెమెరాను మామూలు కంటే ఎన్నో రెట్లు వేగంగా తిప్పి, తెరమీద మామూలు వేగంతో చూపితేనే అట్టగోడ కాంక్రీటు గోడలా నెమ్మదిగా, బరువుగా కూలుతుంది. కెమెరా వేగం పెరిగితే ఒక్కో ఫ్రేముకు అందే వెలుతురు తగ్గుతుంది కనుక దీపాలు రెట్టింపు, మూడింతలు పెట్టాలి. ఆ దీపాల వేడిలో, ఊపిరాడని తొడుగులో, హరుఓ నకాజిమా నడిచాడు. పెద్ద జంతువుల నడక తెలుసుకోవడానికి ఉఎనో జంతు ప్రదర్శనశాలకు వెళ్లి ఏనుగులనూ ఎలుగుబంట్లనూ గమనించిన ఆ నటుడే 1954 నుంచి 1972 వరకు 12 చిత్రాల్లో గాడ్జిల్లా అయ్యాడు.

ఇక ఆ అరుపు సంగతి. ఏ జంతువు గొంతూ సరిపోకపోతే సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబె డబుల్ బేస్ తీగలను వదులు చేయించి, జిగురు పూసిన తోలు చేతొడుగుతో లాగించి, ఆ ధ్వనిని టేపు మీద నెమ్మదింపజేశాడు. మీ పిల్లలు 2021లో విన్న అరుపు దాని సంతానమే.

తోలుబొమ్మలాటలో పుల్లలు కనిపిస్తూనే ఉంటాయి. అయినా హనుమంతుడు తోక తిప్పగానే పిల్లలు కేరింతలు కొడతారు. తొడుగులో మనిషి ఉన్నాడని తెలిసీ ఆనందించడం కూడా అలాంటిదే. దానిని చిన్నచూపు చూడటం నాకు నచ్చదు.

సాగరతీరం

ఇద్దరికీ కృతజ్ఞతలు. భయపెట్టిన జీవి పిల్లల నేస్తంగా ఎలా మారింది? మారిన తరువాత మళ్లీ ఎలా భయపెట్టగలిగింది? నాకు ముడి అక్కడే పడింది. ఒకసారి నవ్వులపాలైన పాత్రకు భయం తిరిగి రావడం మామూలుగా జరగదు కదా.

వెన్నెలదారి

సాగరతీరం గారూ, మీ ముడి విప్పాలంటే కథల వరుసను కాకుండా విరామాలను చూడాలి. మొదటి చిత్రాన్ని జపాన్‌లో సుమారు 96 లక్షల మంది చూశారు. 1962లో కింగ్ కాంగ్‌తో పోటీ పెట్టినప్పుడు ఆ సంఖ్య కోటీ పది లక్షలు దాటింది. టీవీ రేటింగుల కోసం ఒక మందుల కంపెనీ రాక్షసుణ్ణి తెప్పించే హాస్య కథ అది. భయం కన్నా కుస్తీకి టిక్కెట్లు ఎక్కువ తెగుతాయని టోహోకు లెక్క తెలిసింది. 1964లో మూడు తలల గిడోరా వచ్చేసరికి గాడ్జిల్లా మన పక్షం చేరింది. 1967లో దానికి ఒక కొడుకు కూడా పుట్టాడు. ఇంట్లో టీవీలు పెరిగి, త్సుబురాయా కంపెనీ తీసిన రాక్షసుల ధారావాహికలు ఉచితంగా దొరుకుతున్నప్పుడు థియేటరుకు వెళ్లే పిల్లలూ తగ్గారు. 1975 చిత్రానికి 10 లక్షల మంది కూడా రాలేదు. అక్కడితో తొమ్మిదేళ్లు ఆపేశారు.

ఆపగలగడమే ఈ ఫ్రాంచైజీకి బలమని నేను అనుకుంటాను. 1984లో తిరిగి వచ్చినప్పుడు, మధ్యలో వచ్చిన చిత్రాలన్నింటినీ జరగనివిగా తుడిచేసి, నేరుగా 1954కు కొనసాగింపుగా తీశారు. అమెరికా, సోవియట్ యూనియన్ రెండూ టోక్యోలో అణ్వస్త్రం వాడతామంటే జపాన్ ప్రధాని కాదంటాడు. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఆ దృశ్యానికి చాలా అర్థం ఉంది. కొడుకును ఆడించిన గాడ్జిల్లా వేరు, ఇది వేరు. మిగతా ఫ్రాంచైజీలు తమ పాత కథకు తామే బందీలవుతాయి. ఒక తప్పు చిత్రం వస్తే దాని బరువు తరువాతి వాటి మీద పడుతుంది. ఇక్కడ 1954 ఒక్కటే పునాది. మిగిలిన అంతస్తులను ఎన్నిసార్లయినా పడగొట్టి కట్టుకోవచ్చు, అదీ టోక్యో లాగానే. ఎత్తు కూడా ఊరితో పాటు పెరిగింది: 1954లో 50 మీటర్లు, 1984లో 80, ఆకాశహర్మ్యాలు పెరిగాక 1991లో 100.

1998లో రోలాండ్ ఎమ్మెరిచ్ హాలీవుడ్‌లో తీసినది పరుగెత్తే పెద్ద బల్లి. క్షిపణులు తగిలితే చచ్చిపోయింది. అభిమానులు అలిగారు. మరుసటి ఏడాదే టోహో తన గాడ్జిల్లాను మళ్లీ తెరకెక్కించింది. 2004లో ఆ అమెరికా జీవిని సిడ్నీకి పిలిపించి, క్షణాల్లో మట్టికరిపించి మరీ పగ తీర్చుకుంది. అదే ఏడాది మళ్లీ విరామం ప్రకటించారు.

పాతరీలు

వెన్నెలదారి గారి విశ్లేషణ బాగుంది, ఒక్క సవరణ. 1954 ఎప్పటికీ పునాదిగా మిగిలిందనడం సరి కాదు. హిదెఆకి అన్నో, షింజి హిగుచి 2016లో తీసిన ‘షిన్ గాడ్జిల్లా’ 1954ను కూడా వదిలేసింది. ఆ కథలో జపాన్ దేశం గాడ్జిల్లాను మొదటిసారి చూస్తోంది. 2011 నాటి భూకంపం, సునామీ, ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం తరువాత తీసిన ఆ చిత్రంలో రాక్షసుడి కన్నా సమావేశాలు ఎక్కువ. ఒక గది నుంచి మరో గదికి మారుతూ, ఈ జీవి ఏ మంత్రిత్వ శాఖ పరిధిలోకి వస్తుందో తేల్చుకోలేని అధికారులను చూసి నవ్వొస్తుంది. కిటికీ అవతల పడవలు, కార్లు బురదలో దొర్లుకుంటూ వస్తుంటే ఆ నవ్వు ఆగిపోతుంది. సునామీ దృశ్యాలు టీవీలో చూసినవారెవరికైనా అది ఎక్కడిదో తెలుస్తుంది. జపాన్ అకాడమీ ఆ ఏటి ఉత్తమ చిత్రంగా దానినే ఎంచుకుంది.

నా మొదటి సమాధానాన్ని కూడా కొంత సవరించుకుంటాను. అణుభయం ఒక్కటే కాదన్న బొమ్మలపెట్టె గారి మాట నిజమే. 1971లో హెడోరా అనే కాలుష్య రాక్షసుడు వచ్చినప్పుడు జపాన్ పారిశ్రామిక పట్టణాల్లో పిల్లలు పొగకు ఉబ్బసంతో బాధపడుతున్నారు. పిల్లల సినిమాగానే తీసిన అందులో ఆ పొగ మనుషులను ఎముకలు మిగిలేలా కరిగిస్తుంది. అంటే నవ్వులపాలైన కాలంలో కూడా భయం పూర్తిగా వెళ్లిపోలేదు, మధ్యమధ్య తొంగిచూస్తూనే ఉంది.

బొమ్మలపెట్టె

సాగరతీరం గారు చూసిన 2023 చిత్రం గురించి ఒక మాట కలపాలి. దర్శకుడు తకాషి యమజాకియే విజువల్ ఎఫెక్ట్స్ బాధ్యతా చూసుకున్నాడు. 35 మంది కళాకారులు 610 షాట్లు పూర్తి చేశారు. 2024లో దానికి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది; 70 ఏళ్లలో గాడ్జిల్లాకు దక్కిన మొదటి ఆస్కార్ అది. హాలీవుడ్‌లో ఒక్క పోరాట ఘట్టానికే అంతకన్నా పెద్ద బృందం పనిచేయడం మామూలు. తక్కువ మంది, తక్కువ డబ్బు, దర్శకుడి పక్కనే పని అన్న త్సుబురాయా కాలపు పద్ధతి కంప్యూటర్లలోకి మారిందనిపించింది. సముద్రంలో చెక్కపడవను గాడ్జిల్లా తరిమే దృశ్యంలో నీటి బరువు చూశారా? లెక్క అదే: పెద్దది నెమ్మదిగా కదలాలి.

సాగరతీరం

చూశాను. ఆ దృశ్యంలో మా చిన్నవాడు నా చేయి పట్టుకున్నాడు. వచ్చే ఆదివారం 1954 నాటి చిత్రం పెడదామనుకుంటున్నాను. నలుపు తెలుపు, జపనీస్ భాష, సబ్‌టైటిల్స్ అంటే పిల్లలు కూర్చుంటారా అన్నది సందేహం. 1956లో అమెరికా నటుడు రేమండ్ బర్‌ను చేర్చి ఇంగ్లిషులో విడుదల చేసిన రూపం ఉందని చదివాను. అది సులువుగా ఉంటుందా?

పాతరీలు

సులువుగానే ఉంటుంది, కానీ ఆ కూర్పులో నాగసాకి యువతి మాటలు లేవు. అమెరికాలో సాధారణ ప్రేక్షకుల థియేటర్లకు జపాన్ మూలచిత్రం యథాతథంగా విడుదలై చేరింది 2004లోనే. మీరు మూలమే పెట్టండి. పిల్లలు మొదటి 20 నిమిషాలు గునిసినా, కొండ మీదుగా ఆ తల పైకి లేచేదాకా ఆగమని చెప్పండి.