గైడు సార్ మానేశారు, ఎలకలు నా చేతిలో మిగిలాయి

అందరికీ నమస్కారం. విజయనగరంలో ఎం.ఫార్మసీ, ఫార్మకాలజీ మూడో సెమిస్టర్ చదువుతున్నాను. మా హెచ్‌ఓడీ గారే నా గైడు, పీజీ కోఆర్డినేటరు కూడా ఆయనే. సిరిమానోత్సవం సెలవులకి వెళ్లిన సార్ మళ్లీ రాలేదు, వేరే కాలేజీలో చేరిపోయారట. ఇప్పుడు ఇన్‌ఛార్జి ఫార్మాస్యూటిక్స్ (మందుల తయారీ) మేడం. మంచావిడే, కాదనను, కానీ ఎలకని చూస్తే రెండడుగులు వెనక్కి వేస్తారు.

నాది షుగర్ జబ్బు మీద పని. జంతువుల మీద ప్రయోగాలకి ఎథిక్స్ కమిటీ ఇచ్చే అనుమతి సార్ పేరు మీదే ఉంది. 24 ఎలకలు ఊక పరిచిన పెట్టెల్లో, ఒంటి మీద పిక్రిక్ యాసిడ్ పసుపు గుర్తులతో ఎదురుచూస్తున్నాయి. ఎలకలకి షుగర్ తెప్పించే స్ట్రెప్టోజోటోసిన్‌ని చల్లటి సిట్రేట్ బఫర్‌లో కలిపాక వెంటనే ఇంజెక్షన్ చేసెయ్యాలి. తెలిసినవాళ్లు పక్కన లేకుండా నాకు ధైర్యం చాలట్లేదు. ఈలోగా వాటి బరువు ప్రోటోకాల్‌లో రాసిన 200 గ్రాములు దాటిపోతోంది.

ఇలా ఎవరికైనా జరిగిందా? గైడు పేరు మార్చమని కమిటీకి సవరణ పెడితే సరిపోతుందా, మొదట్నుంచి ఫారం బి (అనుమతి దరఖాస్తు) నింపాలా? సార్‌ని బయటి కో-గైడుగా ఉంచుకోవచ్చా? శ్రీకాకుళం, విశాఖ వైపు ఫార్మకాలజీ చెప్పేవాళ్లుంటే కాస్త దారి చూపండి. ఇక్కడ అడుగుదామంటే ఆ సబ్జెక్టుకి పెద్ద దిక్కు సారొక్కరే ఉండేవారు.