మిక్కీ పాప్ ఆర్ట్ ప్రింటు: అసలుదేనా, నెల్లూరు చెమ్మలో ఎలా కాపాడాలి?

పెన్నాగట్టు:
మిక్కీ మౌస్ మీద చేసిన పాప్ ఆర్ట్ ప్రింటు ఒకటి అమ్మకానికి వచ్చింది. 18×24 అంగుళాలు. కింద మార్జిన్లో పెన్సిల్‌తో 37/150 (మొత్తం 150 ప్రతుల్లో 37వది అని), పక్కన సంతకం. స్క్రీన్ ప్రింటు (సన్నని జల్లెడ తెర గుండా ఒక్కో రంగూ విడిగా వేసే అచ్చు) అంటున్నారు, సర్టిఫికెట్ కూడా ఇస్తారట. కొనేముందు ఏం చూడాలి? నెల్లూరులో దేవుడి పటాలు కట్టే షాపులోనే ఫ్రేమ్ కట్టించవచ్చా?

ఇంకుచుక్క:
సర్టిఫికెట్ సంగతి తర్వాత, ముందు 10ఎక్స్ భూతద్దం పెట్టి చూడండి. స్క్రీన్ ప్రింటులో సాధారణంగా ఒక్కో రంగు నిండుగా పరుచుకుని ఉంటుంది. రెండు రంగులు కలిసే చోట ఒకటి ఇంకోదాని మీదికి సన్నగా ఎక్కి కనిపిస్తుంది. నీలం, గులాబి, పసుపు, నలుపు చుక్కలు రేకుల్లా గుమిగూడి ఉంటే అది ఆఫ్‌సెట్, అంటే క్యాలెండర్ అచ్చు. రంగు తుంపర చల్లినట్టుంటే ఇంక్‌జెట్, దాన్నే జిక్లే అంటారు. జిక్లేలోనూ లిమిటెడ్ ఎడిషన్లు ఉంటాయి, కానీ దానికి స్క్రీన్ ప్రింటు ధర పెట్టొద్దు.

లిక్టెన్‌స్టైన్ (చుక్కలతో కామిక్ బొమ్మలు వేసిన అమెరికన్ పాప్ కళాకారుడు) తరహా బొమ్మలైతే జాగ్రత్త. కంటికి కనిపించే పెద్ద చుక్కలు అక్కడ డిజైన్లో భాగమే. చూడాల్సింది ఆ చుక్క లోపల. అందులో మళ్లీ రంగురంగుల చిన్న చుక్కలుంటే ఫోటో తీసి వేసిన కాపీ.

సంతకం ఎవరిదో మీరు రాయలేదు. అమెరికన్ పాప్ కళాకారుడు ఆండీ వార్హోల్ అని చెబితే మాత్రం ఆగండి. ఆయన 1981 'మిథ్స్' వరుసలోని మిక్కీ 38×38 అంగుళాలు, నంబరు వేసినవి 200. మీది సైజులోనూ, సంఖ్యలోనూ దానికి సరిపోదు. ఏ కళాకారుడిదైనా ఇలాగే పోల్చి చూడాలి. ఏపీ (ఆర్టిస్ట్స్ ప్రూఫ్, అంటే కళాకారుడు తన కోసం విడిగా ఉంచుకునే) ప్రతులు ఎన్ని, అదే బొమ్మ వేరే రంగుల్లో, వేరే సైజుల్లో వేశారా అని కూడా అడగండి, అవి ఆ 150లో లెక్కకు రావు. చిన్న నంబరని ఎక్కువ ఇవ్వక్కర్లేదు, చాలాసార్లు అది సంతకం పెట్టిన వరుసే తప్ప అచ్చు తీసిన వరుస కాదు.

కాటన్_కాగితం, ఒంగోలు:
పటాల షాపులో కట్టించవచ్చు అన్నా, కానీ సామాను మీరే ఇచ్చి దగ్గరుండి కట్టించాలి. వాళ్లు మామూలుగా ఫ్రేముకు సరిపోయేలా కాగితం అంచు కోసేస్తారు, ఫెవికాల్‌తో అట్టకు మొత్తం అతికిస్తారు, అద్దం నేరుగా ఆనిస్తారు. మూడూ వద్దు. మార్జిన్ కోస్తే ప్రింటు విలువ సగం అక్కడే పోతుంది.

మన జిల్లాల్లో నవంబరు వానలకు కాగితం చెమ్మ పీల్చి సాగుతుంది, మే నెల పడమటి గాలికి ఎండి ముడుచుకుంటుంది. నాలుగు వైపులా అతికించారంటే కదలడానికి చోటు లేక అలలు తేలుతుంది. అందుకే నాలుగు మూలలకూ యాసిడ్ లేని ఫోటో కార్నర్లు (కాగితం మూల దోపే చిన్న జేబులు) పెట్టి, 2 మిల్లీమీటర్లు వదులు ఉంచాలి. జిగురు కార్నర్లకే, ప్రింటుకు తగలకూడదు. పైన యాసిడ్ లేని మౌంట్ బోర్డు (మధ్యలో కిటికీలా కోసిన అట్ట) పెడితే అద్దానికీ ఇంకుకూ మధ్య ఎడం వస్తుంది. ఎడం లేకపోతే చెమ్మకు ఇంకు అద్దానికి అంటుకుంటుంది, ఇక ఊడదీస్తే రంగు లేచొస్తుంది. సంతకం, నంబరు కనిపించేలా మౌంట్ కోయించండి. వెనక హార్డ్‌బోర్డు కాకుండా, యాసిడ్ లేని బోర్డు పెట్టి, దాని మీద సన్‌ప్యాక్ షీటు (గొట్టాల్లాంటి ఖాళీలుండే ప్లాస్టిక్ అట్ట) వేసి అంచులు టేపుతో మూయించాలి.

ఇంకుచుక్క:
ఒక్కటి చేరుస్తా. వాన కొట్టే బయటి గోడకు తగిలించొద్దు, లోపలి గోడకే. ఫ్రేము వెనక కింది మూలల్లో రబ్బరు గుండీలు పెడితే గాలి ఆడుతుంది. ఎండ నేరుగా పడితే గులాబి, పసుపు ముందు వెలుస్తాయి. అద్దం బదులు యూవీ అక్రిలిక్ (అతినీలలోహిత కిరణాలను ఆపే ప్లాస్టిక్ పలక) వేస్తే కొంతవరకు ఆపుతుంది, పూర్తిగా కాదు.

పెన్నాగట్టు:
ట్యూబులో వస్తే ఎలా తీయాలి? ఫ్రేమ్ కట్టేదాకా ఎక్కడ ఉంచాలి?

కాటన్_కాగితం, ఒంగోలు:
చేతులు కడిగి బాగా ఆరాక పట్టుకోండి. ఎదురు చుట్టొద్దు, ఇస్త్రీ అసలే వద్దు. శుభ్రమైన తెల్ల కాగితాల మధ్య బొమ్మ పైకి ఉంచి, మీద చదునైన పలక, దాని మీద బరువు పెట్టి వారం వదిలేయండి. తర్వాత మూత బిగుతుగా పట్టే పెట్టెలో, సిలికా జెల్ సంచులతో, నేలకు ఎత్తుగా ఉంచండి. చెమ్మ కొలిచే చిన్న హైగ్రోమీటరు ఒకటి లోపల పడేయండి. చెమ్మ 60 శాతం దాటిందంటే జెల్ వేడి చేసి ఆరబెట్టే సమయం వచ్చినట్టే. కలరా ఉండలు మాత్రం అందులో వేయొద్దు.