ఓపెన్ సోర్స్ ఫోను వ్యవస్థలను కలిపేవారికి ఉమ్మడి ప్యాకేజీ కావాలా, ఉమ్మడి పరీక్షలు చాలా?

పాతతీగ:
ఇంటర్నెట్ మీద ఫోను కాల్స్ నడిపే ఆస్టరిస్క్, ఫ్రీస్విచ్, కామాయిలియో అనే సాఫ్ట్‌వేర్లకు ఎవరి సమాజం వారికి ఉంది. వీటిని కలిపి నడిపేవారికే దిక్కు లేదు. ముందు కాల్స్‌కు దారి చూపే కామాయిలియో, మాటను మోయడానికి ఆర్‌టీపీఇంజిన్, వెనక కాల్స్‌ను కలిపే ఆస్టరిస్క్ ఉన్నచోట కాల్ తెగితే ఎవరిని అడిగినా తప్పు పక్కవారిదే అంటారు. అందుకే కలిపేవారికంటూ ఒక సమాజం పెడదామని ప్రతిపాదన వచ్చింది. తేలనిది ఒక్కటే: అన్నీ ముందే అమర్చిన ప్యాకేజీ తయారుచేసి, దాని చుట్టూ జనాన్ని పోగుచేయాలా? చేయాలనే నేను అంటాను. మొదటి రోజే ఫోను మోగకపోతే కొత్తవారు రెండో రోజు రారు.

నిశాచరి:
పాతతీగ గారూ, ఆ దారిన వెళ్లినవారు ఏమయ్యారో కూడా చెప్పాలి కదా. ఆస్టరిస్క్‌ను ముందే అమర్చి ఇచ్చిన ఆస్టరిస్క్ ఎట్ హోమ్ ప్యాకేజీ కాస్తా ట్రిక్స్‌బాక్స్ అయి ఒక సంస్థ చేతికి వెళ్లింది. దాని ఉచిత కూర్పు 2012లో ఆగిపోయింది. అలాంటిదే అయిన ఎలాస్టిక్స్ 2016లో త్రీసీఎక్స్ అనే ఫోను వ్యవస్థల సంస్థ చేతికి వెళ్లింది. తర్వాత ఆ పేరుతో వచ్చిన దాని లోపల ఆస్టరిస్కే లేదు! వేలమంది వాడారు, నిజమే. వారిలో లోపలి సంగతి తెలిసినవారు ఎందరు? వాడుకరులు పోగైనంత మాత్రాన సమాజం ఏర్పడినట్టు కాదు.

మోగేగంట:
కథ సగంలో ఆపేశారు. ఎలాస్టిక్స్ చేజారగానే దాని పాత కోడ్ నుంచే ఇస్సాబెల్ అనే కొత్త ప్యాకేజీ పుట్టింది. జనం పోగై ఉండబట్టే ఆ పని జరిగింది. ఆస్టరిస్క్‌ను బ్రౌజర్‌లోనే అమర్చుకోనిచ్చే ఫ్రీపీబీఎక్స్ సంగతీ చూడండి. కాన్ఫిగరేషన్ ఫైళ్లు చేత్తో రాయడానికి భయపడేవారిని ఆస్టరిస్క్ దగ్గరికి తెచ్చింది అదే. నిపుణులు మాత్రమే చేరే సమాజంలో కొన్నాళ్లకు ప్రశ్న అడిగేవారే మిగలరు.

నిశాచరి:
ఇస్సాబెల్ విషయం ఒప్పుకుంటాను. కానీ మనం కూడుతున్నది దేనికి? అతుకుల దగ్గర వచ్చే చిక్కులకు. ఒకటి చెబుతాను. కాల్ ఎత్తారు, మాట వినిపించింది, క్షణాల్లో నిశ్శబ్దం. సిప్ అంటే కాల్స్‌ను కలిపే నియమావళి. ఆస్టరిస్క్‌లో దాన్ని నడిపే పీజేసిప్ మాడ్యూల్‌లో డైరెక్ట్ మీడియా అనే అమరిక మనం మార్చకపోతే ఆన్‌లోనే ఉంటుంది. కాల్ కలిశాక ఆస్టరిస్క్ రెండు వైపులకూ మళ్లీ ఇన్‌వైట్ (కాల్‌కు పిలిచే సిప్ సందేశం) పంపి, ‘ఇక మీరిద్దరూ నేరుగా మాట్లాడుకోండి’ అని తప్పుకుంటుంది. మన కామాయిలియో స్క్రిప్టు మొదటి ఇన్‌వైట్‌ను మాత్రమే ఆర్‌టీపీఇంజిన్‌కు చూపించి, ఈ రెండోదాన్ని వదిలేస్తే, రౌటర్ వెనక ఉన్న ఫోను ప్రైవేటు చిరునామా అలాగే అవతలికి వెళ్లిపోతుంది. మాట ఆ చిరునామాకు చేరదు. ఇందులో ఆస్టరిస్క్ తప్పు లేదు, కామాయిలియో తప్పూ లేదు. సిప్‌ను నిర్వచించిన 2002 నాటి ప్రమాణపత్రం ఆర్ఎఫ్‌సీ 3261 ప్రకారం కాల్ మధ్యలో ఇన్‌వైట్ పంపడం సక్రమమే. ప్యాకేజీ ఇచ్చారనుకోండి, ఆ అమరికను ఆపేసి ఇస్తారు. ఎందుకు ఆపారో వాడేవారికి తెలియదు. రేపు వారే వెనక ఫ్రీస్విచ్ పెట్టుకుంటే మళ్లీ మొదటికి వస్తారు.

కాపలా:
నా భయం వేరు. సిప్ వాడే 5060 పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే దాన్ని తడిమే ప్రోగ్రాములు వెతుక్కుంటూ వస్తాయి. అందరికీ ఒకే అమరికతో, ఒకే తొలి పాస్‌వర్డుతో ప్యాకేజీ పంచితే దొంగలకు పని సులువు. రాత్రికి రాత్రి విదేశీ నంబర్లకు కాల్స్ వెళ్తాయి, బిల్లు మాత్రం యజమానికి వస్తుంది. పైగా పాతబడిన ప్యాకేజీని ఎవరూ ముట్టుకోరు. ఆస్టరిస్క్ 2023లో 21వ కూర్పుతో తన పాత సిప్ మాడ్యూల్ చాన్‌సిప్‌ను తీసేసింది. దానిమీదే కట్టినవారు పాత కూర్పు దగ్గరే ఆగిపోతారు.

నిశాచరి:
అందుకే ప్యాకేజీ బదులు పరీక్షలు ఉంచుదాం. పరీక్ష కోసం కాల్స్ పుట్టించే సిప్‌పీ పనిముట్టుతో కాల్ నడిచే తీరు రాసి పెడితే, ఏ కొత్త కూర్పు వచ్చినా దాన్ని నడిపి చూడవచ్చు. పక్కన కాల్ సమయంలో నెట్‌వర్క్‌లో వెళ్లిన ప్యాకెట్ల నమూనా కూడా పెట్టాలి. ఏది సరైన కాలో కళ్లతో చూస్తారు.

కాపలా:
నమూనాలంటే ఎవరి కాల్స్? నిజమైన కాల్‌ను పట్టి పెడితే అందులో ఇద్దరి నంబర్లు, లోపలి చిరునామాలు ఉంటాయి. ఆథరైజేషన్ శీర్షికలో పాస్‌వర్డు నుంచి లెక్కగట్టిన ఎండీ5 విలువతో బలహీనమైన పాస్‌వర్డును ఎవరైనా తీరిగ్గా కూర్చుని కనిపెట్టవచ్చు. గుప్తీకరణ లేకపోతే మాటే వినిపిస్తుంది. అన్నిటికన్నా ప్రమాదం, కాల్ మధ్యలో ఫోనుపై నొక్కిన అంకెలు. అవి ఆర్ఎఫ్‌సీ 4733 ప్రకారం విడి ప్యాకెట్లుగా వెళ్తాయి కాబట్టి ఒకరి రహస్య సంఖ్యను చదవడానికి చెవులు కూడా అక్కర్లేదు. ‘నంబర్లు చెరిపేశాను’ అని ఫైలు పెట్టేవారు వీటిలో ఎన్ని చెరిపారు? నిజమైన కాల్స్ వద్దే వద్దు. ప్రయోగానికి పుట్టించిన కాల్స్ మాత్రమే తీసుకోవాలి.

పాతతీగ:
ఇది మాత్రం కచ్చితంగా నియమంగా పెట్టాలి, చర్చే అక్కర్లేదు.

మోగేగంట:
పేరు ఎవరిదన్నది కూడా ఇప్పుడే తేల్చండి. సెర్ అనే సాఫ్ట్‌వేర్ నుంచి పుట్టిన ఓపెన్‌సెర్ 2008లో కామాయిలియో, ఓపెన్‌సిప్స్‌గా చీలింది. అదే ఏడాది కామాయిలియో తన మూలమైన సెర్‌తో మళ్లీ చేయి కలిపింది. కోడ్‌ను పంచుకోవచ్చు, పేరును పంచుకోవడమే కష్టం. ఒక సంస్థ పేరు మీద పెడితే మాత్రం నేను చేరను.

నిశాచరి గారూ, ఒక ప్రశ్న. మీ పరీక్షలు దేనిమీద నడుస్తాయి? గాలిలో కాదు కదా. కామాయిలియో, ఆర్‌టీపీఇంజిన్, ఆస్టరిస్క్ అమర్చిన కంటైనర్లు (విడివిడిగా నడిచే సాఫ్ట్‌వేర్ పెట్టెలు) కావాలి. వాటిని ఎవరో ఒకరు తాజాగా ఉంచాలి. ఆ శ్రమ పడ్డాక కొత్తవారికి ఇవ్వనంటే అన్యాయం.

నిశాచరి:
ఇస్తాను, కానీ బయటి ప్రపంచానికి కాల్ చేయలేని విధంగా. లోపలి నెట్‌వర్క్‌లో మాత్రమే వింటుంది, బయటి ఫోను సంస్థతో కలిపే ట్రంకు ఉండదు. తొలి పరీక్షగా కాల్ బదిలీ నేను రాస్తాను. బదిలీ అందుకునేవారితో ముందు మాట్లాడాక బదిలీ చేసే పద్ధతిలో కాల్‌ను మళ్లించమనే రిఫర్, పాత కాల్ స్థానంలో కొత్తది పెట్టమనే రిప్లేసెస్ రెండూ అతుకులు దాటాలి. ఎక్కువ కట్టడాలు పడిపోయేది అక్కడే.

మోగేగంట:
ట్రంకు లేని ఫోను ఎవరికి? ఇద్దరు కొత్తవారిని కూర్చోబెట్టి చూపించండి, మొహమాటానికైనా బాగుందనరు. ట్రంకు కలిపే విభాగం నేను వేరుగా రాస్తాను. కాపలా గారు దాన్ని చూసి కాదంటే అప్పుడు మళ్లీ పోట్లాడదాం.

కాపలా:
రాయండి. తొలి పాస్‌వర్డు ఏదీ లేకుండా, బయటి కాల్స్ మూసి ఉంచి మొదలుపెట్టండి. లేదంటే మొదటి వాక్యం దగ్గరే ఆపేస్తాను.